గర్భసంచిలో తప్పు లేదు

మాణిక్యాంబకి ఒంట్లో రక్తం నిలవడం లేదన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఎందుకు నిలవడం లేదో మాత్రం ఎవరికీ తెలియదు. పెరట్లో అంట్లు తోముకుంటూ తోముకుంటూ ఉన్నదల్లా చప్టా మీదే చతికిలబడిపోయేది. పెదాలు పాలిపోయి, అరచేతులు పిండి ముద్దల్లా తెల్లగా అయిపోయేవి. కబురందుకుని భర్త తాతాజీ కొబ్బరితోటలో కాయల దింపు పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. కారు మాట్లాడి కాకినాడ తీసుకెళ్ళేవాడు. అక్కడ రక్తం ఎక్కించేవారు. బుగ్గల్లోకి కాస్త రంగు రాగానే ఇంటికి పంపేసేవారు. కొన్నాళ్ళు బాగానే ఉండేది. తర్వాత ఓ రోజు పొద్దున్నే దొడ్డికెళితే తారులా నల్లగా అయ్యేది. అంటే లోపల మళ్ళీ కారుతోందన్నమాట.

మొదట కడుపులో పుండన్నారు. కారం మానేయమన్నారు. రామచంద్రపురం చుట్టుపక్కల ఎవరింట్లో ఆవకాయ పెట్టాలన్నా పాళ్ళు చెప్పడానికి పిలిపించుకునే మనిషి, జాడీ ఉన్న గదిలోకి వెళ్ళడమే మానేసింది. అయినా తగ్గలేదు. చివరికి కాకినాడలో ఒక డాక్టరు గొట్టం వేసి చూసి, పుండు కాదు, పేగు గోడ మీద సన్నటి రక్తనాళాలు గుత్తులుగా పుట్టుకొచ్చాయి, అవే చిట్లి కారుతున్నాయి అన్నాడు. వాటిని కాల్చేశాడు. ఇంక భయం లేదన్నాడు. ఆ ఏడు అన్నవరం వెళ్ళి వ్రతం కూడా చేయించుకున్నారు మొగుడూ పెళ్ళాలూ.

భయం ఎక్కడికీ పోలేదు. వానాకాలం వచ్చేసరికి మళ్ళీ అదే డాక్టరు, అదే బల్ల.

"కాల్చినచోట బాగానే ఉందమ్మా. వేరేచోట కొత్తవి పుట్టాయి," అన్నాడాయన. పేగు బొమ్మ కనిపిస్తున్న టీవీ తెర వంక కాసేపు చూసి, "ఇది నా చేతిలో ఉన్నది కాదనిపిస్తోంది. విశాఖపట్నంలో రక్తం జబ్బులు చూసే మేడం గారున్నారు. ఒకసారి చూపించండి," అని చీటీ రాసిచ్చాడు.

ఆ మేడం పేరు ఆశాజ్యోతి. నలభై దాటిన మనిషి. కడుపు సంగతి అడుగుతుందనుకుంటే చిన్నప్పటి సంగతులు అడగడం మొదలుపెట్టింది.

"చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారేదా అమ్మా?"

"కారేదండి. ఒంట్లో వేడని మా అమ్మ ధనియాల నీళ్ళు పట్టేది."

"పన్ను తీయించుకున్నారా ఎప్పుడైనా?"

"తీయించుకున్నానండి. రెండు రోజులు దూదులు కుక్కుకుంటూనే ఉన్నాను."

"నెలసరి?"

మాణిక్యాంబ మొగుడి వంక చూసింది. తాతాజీ తల తిప్పుకుని కిటికీలోంచి బయటకి చూడడం మొదలుపెట్టాడు.

"ఏం చెప్పమంటారండి. మంచం దిగితే నేలంతా రక్తం. వారం పదిరోజులు అలాగే ఉండేది. ఒక్క కాన్పు అయ్యాక ఇంకా ఎక్కువైపోయింది. ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే పెద్దాపరేషన్ చేయించేసుకున్నాను. గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ అయ్యాక కుట్లలోంచి కారి చచ్చి బతికాననుకోండి. కానీ ఆ తర్వాత పీడ విరగడైపోయింది."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా అమ్మకుండేది. మా అమ్మాయికీ అంతేనండి." మాణిక్యాంబ కాస్త ముందుకి జరిగి కూర్చుంది. తను కూతురి విషయంలో ఎంత జాగ్రత్తగా ఉందో ఈవిడకి చెప్పాలనిపించింది. "దాన్ని నాలాగా ఏళ్ళ తరబడి బాధపడనివ్వలేదండి. ఓ పిల్ల పుట్టగానే దానికీ తీయించేశాం."

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగింది. పరీక్షకి రక్తం ఇచ్చి వెళ్ళమంది. ఆ రిపోర్టు వచ్చాక మళ్ళీ వెళ్ళినప్పుడు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, విడమరిచి చెప్పింది.

"మీ ఒంట్లో రక్తాన్ని అతికించే పదార్థం ఒకటి సరిగ్గా తయారవడం లేదమ్మా. పుట్టుకతోనే అంతే. అందరికీ గాయమైన చోట అది బంకలా పట్టుకుని రక్తాన్ని ఆపుతుంది. మీకు పట్టుకోదు. ముక్కుదీ, పంటిదీ, నెలసరిదీ అన్నిటికీ కారణం అదే."

"మరి పేగుల్లో ఇవేంటండి?" అనడిగాడు తాతాజీ. "కాలుస్తుంటే మళ్ళీ మళ్ళీ పుడుతున్నాయి."

"అదీ దానివల్లే. ఈ సంగతి డాక్టర్లకి కూడా ఈమధ్యే బాగా అర్థమవుతోంది. ఆ పదార్థానికి రెండో పనొకటుంది. రక్తనాళాల గోడల్లో ఉండి, కొత్త నాళాలు అవసరానికి మించి పుట్టకుండా అదుపులో పెడుతుంది. అది లేకపోతే ఆ అదుపు తప్పుతుంది. అక్కర్లేని చోట సన్నసన్న నాళాలు పుట్టుకొస్తాయి. వాటి గోడలు పలచన. ఇట్టే చిట్లిపోతాయి. చిట్లితే ఆపడానికి ఆ పదార్థమే లేదాయె. మామూలుగా వయసు పైబడ్డాక పేగుల్లో వస్తుంది ఇది."

"మందుందాండి?"

"ఆ పదార్థాన్ని సూదిమందుగా ఇవ్వచ్చు. రక్తం కారడం తగ్గుతుంది. అది అన్నిచోట్లా దొరకదు. ఇచ్చినా, పుట్టేసిన నాళాలు వెనక్కి పోవండి. అబద్ధం చెప్పడం ఎందుకు."

ఇదంతా మాణిక్యాంబ చెవుల్లో పడుతూనే ఉంది కానీ మనసు అక్కడ లేదు. డాక్టరమ్మ మొదట్లో అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. నెలసరికీ అదే కారణం.

"అయితే అమ్మా," అంది, "గర్భసంచిలో ఏం లేదా?"

ఆశాజ్యోతి మాణిక్యాంబ చెయ్యి మీద చెయ్యేసింది.

"గర్భసంచిలో తప్పు లేదమ్మా. తప్పు రక్తంలో ఉంది."

"మరి మా అమ్మాయికి?"

"పరీక్ష చేసి చూడాలి. మీకున్నదే ఉంటే, ఆ నాలుగు రోజులూ మాత్రలు వేసుకుంటే అదుపులో ఉండేది. జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో కాన్పు కూడా... సరే, అయిపోయినదాని గురించి ఇప్పుడెందుకు. మీ అమ్మాయినీ మనవరాలినీ ఇద్దర్నీ తీసుకురండి. అది ముఖ్యం."

తిరుగు రైల్లో తాతాజీ పల్లీలు కొని పొట్లం భార్య ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ముట్టుకోలేదు. రైలు తుని దాటింది.

"అమ్మాయికి చెప్పాలంటారా?" అంది చివరికి.

"చెప్పి ఏం చేస్తావే? తీసేసింది మళ్ళీ పెట్టి కుడతారా?"

"దానికీ, దాని కూతురు సుప్రియకీ పరీక్ష చెయ్యాలన్నారుగా. ఎందుకంటే ఏం చెప్తాం?"

తాతాజీ కండువాతో మొహం తుడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదని ఆవిడకి తెలుసు.

కూతురికి ఆపరేషన్ చేయించిన ఆ నర్సింగ్ హోమ్ గది మాణిక్యాంబకి కళ్ళకి కట్టినట్టుంది. దుర్గాశ్రీకి అప్పటికి ఇరవై నాలుగో ఏడు. సుప్రియ ఇంకా పాలు మరవలేదు. కాన్పయిన దగ్గర్నుంచీ దుర్గాశ్రీ నెలనెలా మంచానికి అతుక్కుపోతోంది. అక్కడి డాక్టరు తీసేయడం మంచిదంటే, మాణిక్యాంబ రెండో మాట ఎత్తలేదు. తనకి తెలిసిన ఆడవాళ్ళలో తీయించుకోని వాళ్ళెవరు? తోడికోడలు తీయించుకుంది. ఎదురింటి పాపాయమ్మ తీయించుకుంది. పొలాల్లో ఊడ్పులకొచ్చే వాళ్ళలో సగం మంది తీయించుకున్నవాళ్ళే. అల్లుడు ఉదయభాస్కర్ మాత్రం నసిగాడు. "రాజమండ్రిలో ఇంకొకళ్ళకి చూపిద్దామండి అత్తయ్యగారూ," అన్నాడు. "మీరు మగవాళ్ళు, మీకేం తెలుసు బాబూ ఈ బాధ," అని మాణిక్యాంబే నోరు మూయించింది. దుర్గాశ్రీ మంచం మీద పడుకుని, తల్లి కొంగు పట్టుకుని, ఇంకో ఏడాది ఆగుదామమ్మా అని ఏడ్చింది. ఆపరేషన్ అయ్యాక రక్తం ఆగక సీసాల మీద సీసాలు ఎక్కించారు. అప్పుడైనా ఎందుకు ఆగడం లేదని ఎవరూ అడగలేదు. బతికి బయటపడింది, చాలనుకున్నారు. అత్తారింటికి నిడదవోలు వెళ్ళిన వారానికి దుర్గాశ్రీ ఇంట్లో ఉన్న ఉయ్యాలని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. అంత నిబ్బరం ఉన్న పిల్ల అని మాణిక్యాంబ అందరితో గొప్పగా చెప్పుకుంది కూడా.

చెప్పకుండా తప్పించుకునే దారేదీ కనపడక, ఓ ఆదివారం ఒక్కతే నిడదవోలు వెళ్ళింది. ఉదయభాస్కర్‌కి స్టేషను వీధిలో మోటార్లకి వైండింగ్ చేసే షాపుంది. ఇల్లు వెనకాలే. దుర్గాశ్రీ వంటింట్లో నేల మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. పక్కనే టేబుల్ ఫ్యాను పెట్టుకుంది. ఆపరేషన్ అయిన రెండేళ్ళకి మొదలై, ఇప్పటికీ కూతురికి ఒంట్లోంచి ఆవిర్లు. ముప్ఫై నాలుగేళ్ళకే మెట్లెక్కాలంటే మోకాళ్ళు పట్టుకుంటుంది.

"ఏంటమ్మా, ఒక్కదానివే వచ్చావు? నాన్న ఏరీ? మళ్ళీ నల్లగా అవుతోందా?"

"లేదే. నీతో మాట్లాడదామని వచ్చాను."

మాణిక్యాంబ గోడకి జారబడి కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. దాచాలని దారిపొడుగునా అనుకుంటూనే వచ్చింది గానీ, కూతురి మొహం చూశాక చేతకాలేదు. దుర్గాశ్రీ వింటున్నంతసేపూ కత్తిపీట మీద చెయ్యి ఆడిస్తూనే ఉంది. బెండకాయలు అయిపోయాక కూడా ఖాళీ పళ్ళెంలో చెయ్యి పెట్టి వెతికింది.

"మాత్రలతో ఆగేదా?"

"అదుపులో ఉండేదంట."

"ఇంకో బిడ్డని కనుండచ్చా?"

మాణిక్యాంబ తలూపింది.

"ఆ రోజు నేనేమన్నానో గుర్తుందా నీకు?"

"గుర్తుందమ్మా. ఇంకో ఏడాది ఆగుదామన్నావు."

"నువ్వేమన్నావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకే..."

"చెప్పు. నీ నోటితో విందామని."

"నెలనెలా ప్రాణం తీసే సంచి ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్నాను."

దుర్గాశ్రీ కత్తిపీట మడిచి గోడవార పెట్టింది. ఫ్యాను ఆపింది. షాపులోంచి మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకేం తెలుసే," అంది మాణిక్యాంబ. "నీ మేలు కోరే చేశాను. డాక్టర్లకే తెలియనిది నాకేం తెలుస్తుంది? నేను పడ్డ బాధ నువ్వు పడకూడదనుకున్నాను, అంతే."

"తెలుసమ్మా. నువ్వు నా మేలు కోరావని నాకు తెలుసు. అందుకే ఎవర్నీ ఏమీ అనలేకపోతున్నాను." దుర్గాశ్రీ గొంతు పెంచలేదు. "నేను రెండోదానికి పేరు కూడా అనుకున్నాను, తెలుసా? ఎవరికీ చెప్పలేదు. ఆయనక్కూడా చెప్పలేదు."

"ఏం పేరే?"

"నీకెందుకు?"

ఆ మాట చాలా మామూలుగా అంది. మాణిక్యాంబకి చెంప మీద కొట్టినా అంత బాధ కలిగుండేది కాదు.

"నువ్వింక బయల్దేరమ్మా," అంది దుర్గాశ్రీ. "ఆయనతో చెప్తాను, బస్సెక్కిస్తారు. సుప్రియని నేను తీసుకెళతాను విశాఖపట్నం. నువ్వు రాక్కర్లేదు."

భోజనం చేసి వెళ్ళమని అనలేదు. కూతురి పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఆ ఇంటి నుంచి మాణిక్యాంబ అన్నం తినకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

తర్వాత సంగతులన్నీ ఫోన్లో అల్లుడి ద్వారానే తెలిశాయి. దుర్గాశ్రీకి ఉందన్నారు. అది ఊహించిందే. పిల్ల రిపోర్టు గురించి ఉదయభాస్కర్ చెప్పడానికి తటపటాయించాడు.

"సుప్రియకి కూడా ఉందండి అత్తయ్యగారూ. మేడం గారు కంగారు పడొద్దన్నారు. పెద్దమనిషయ్యేలోపే తెలిసింది కదా, అది నయమేనన్నారు. ఏం చెయ్యాలో అన్నీ చెప్పారండి."

"అమ్మాయి ఏమంది బాబూ?"

"రైల్లో పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అంతేనండి."

మాణిక్యాంబ ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్ళింది. తన అమ్మమ్మ పురిట్లో పోయిందని చిన్నప్పుడు వింది. దెయ్యం పట్టిందన్నారు. అమ్మ ఎప్పుడూ పాలిపోయే ఉండేది. పనికిమాలిన రక్తం అనేవారు. తల్లి నుంచి కూతురికీ కూతురి నుంచి మనవరాలికీ ముక్కూ కళ్ళూ వచ్చినట్టే ఇదీ వచ్చింది. తను కావాలని ఇచ్చింది కాదు. కానీ గర్భసంచి తీయించడం అలా వచ్చింది కాదే. అది తను పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని చేయించింది. ఎంత ఆలోచించినా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. దేవుడి మీదకి తోయడానికి లేదు, డాక్టరు మీదకి తోసినా పూర్తిగా పోదు.

సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి మళ్ళీ కారడం మొదలైంది. ఈసారి నల్లగా కాదు, ఎర్రగా. కాకినాడ చేరేసరికి స్పృహ లేదు. రక్తం ఎక్కించారు. ఆ సూదిమందు కోసం తాతాజీ తెలిసినవాళ్ళందరి కాళ్ళూ పట్టుకున్నాడు. హైదరాబాదు నుంచి తెప్పించేసరికి రెండు రోజులు పట్టింది. ఇచ్చాక కాస్త తెరిపినిచ్చింది. మాత్రలాంటి కెమెరా ఒకటి మింగించి చూశారు. చిన్నపేగు పొడుగునా అవే ఎర్రటి చుక్కలు. గొట్టం అంత లోపలికి పోదన్నాడు డాక్టరు. "కాల్చేవి కావండి. ఎప్పుడు కారితే అప్పుడు ఎక్కించుకుంటూ వెళ్ళడమే," అని తాతాజీని పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. పక్కకి తీసుకెళ్ళినా మాణిక్యాంబకి వినపడింది.

ఆ సాయంత్రం సుప్రియ వీడియో కాల్ చేసింది. ఐదో తరగతి చదువుతోంది. రెండు జడలూ రిబ్బన్లూ, మొహమంతా నవ్వు.

"అమ్మమ్మా! నాకు కూడా నీ రక్తమే అంట! అమ్మకీ నాకూ నీకూ సేమ్ అంట!"

ఆ పిల్ల అదేదో బహుమతి వచ్చినట్టు చెప్పింది. మాణిక్యాంబ నవ్వాలని చూసింది. తెర మీద వెనకాల ఎవరిదో చెయ్యి కనపడింది, ఫోను తీసేసుకుంది. దుర్గాశ్రీ మొహం మాత్రం కనపడలేదు.

రెండు రోజుల తర్వాత దుర్గాశ్రీ తనే వచ్చింది. వార్డులో ఆడమనిషి తోడుండాలని నర్సులు గొడవ చేస్తుంటే తాతాజీ అల్లుడికి ఫోను చేశాడు. వస్తూనే సంచి కింద పెట్టి, దుప్పటి మార్చింది. తడిగుడ్డతో తల్లి ఒళ్ళు తుడిచింది. చిక్కులు పడ్డ జుట్టుని నెమ్మదిగా దువ్వి జడేసింది. ఎక్కడా విసుగు లేదు. మాణిక్యాంబ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే అవి కూడా ఆ తడిగుడ్డతోనే తుడిచింది.

"నా మీద కోపం పోయిందా అమ్మా?" అంది మాణిక్యాంబ, ఆగలేక.

దుర్గాశ్రీ దువ్వెనలో పడ్డ వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది.

"పోలేదు," అంది. "పోతుందని కూడా అనుకోవడం లేదు. నువ్వు పోయాక కూడా ఉంటుందేమో. దానికోసం నిన్ను చూసుకోవడం మానేస్తానా?"

కూతురు కేకలేస్తే బాగుండునని ఇన్నాళ్ళూ మాణిక్యాంబ అనుకుంది, ఏడిస్తే బాగుండుననుకుంది, క్షమించానంటే చాలుననుకుంది. ఇప్పుడు దుర్గాశ్రీ చెప్పింది నిజం. దాన్ని కాదనడానికి లేదు, మార్చడానికి లేదు.

మధ్యాహ్నం రౌండ్లకొచ్చిన చిన్న డాక్టరుతో దుర్గాశ్రీ వరండాలో నిలబడి మాట్లాడింది. మాణిక్యాంబ కళ్ళు మూసుకునే వింది.

"పాప పెద్దమనిషయ్యాక ఏ మాత్రలు ఇంట్లో ఉంచుకోవాలండి? ఎంత రక్తం పోతే ఆస్పత్రికి తీసుకురావాలి? స్కూల్లో ముక్కులోంచి వస్తే టీచరుతో ఏం చెప్పమంటారు?" ఒకదాని వెంట ఒకటి అడుగుతోంది. గొంతు తగ్గించి, ఇంకొకటి అడిగింది. "డాక్టరుగారూ, నాకు కూడా అమ్మలాగే పేగుల్లో వస్తుందా?"

"ఇప్పుడే చెప్పలేమమ్మా. అందరికీ రాదు."

"వస్తే?"

ఆ డాక్టరు ఏదో మెల్లగా చెప్పాడు. మాణిక్యాంబకి వినపడలేదు. వినపడనందుకు ఆవిడకి సంతోషమనిపించలేదు.

దుర్గాశ్రీ లోపలికొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. వరండా రేకుల మీద ఎండ మండిపోతోంది. కూతురికి మళ్ళీ ఆవిర్లు మొదలైనట్టున్నాయి, మెడా నుదురూ చెమటతో తడిసిపోయాయి. మాణిక్యాంబ దిండు పక్కనున్న విసనకర్ర అందుకోబోయింది. సూది పెట్టిన చెయ్యి సహకరించలేదు.

"ఊరుకో అమ్మా, సూది ఊడిపోతుంది," అంది దుర్గాశ్రీ.

"ఏమైనా తిన్నావా?"

"తిన్నాను."

తినలేదని మాణిక్యాంబకి తెలుసు. బస్సు దిగి సరాసరి ఇక్కడికే వచ్చింది. కానీ తినమని బలవంతం చేయడానికి నోరు రాలేదు. బలవంతం చేసే హక్కు తన దగ్గర లేదు. కళ్ళు మూసుకుని, సీసాలోంచి ఎవరిదో రక్తం తన చేతిలోకి చుక్కచుక్కగా దిగుతుంటే, ఎన్నాళ్ళుంటుందో తెలియని దాన్ని ఒంట్లోకి రానిస్తూ పడుకుంది.